దయాధర్మమా, కూలి హక్కా?

మన సమాజానికి పట్టిన జబ్బు నైతికమైనదే గాని ఆర్థికమైనది కాదనీ, మనుషుల హృదయాలు మారితే కూలిరేట్లూ భూమి తగాదాలూ వాటంతట అవే చక్కబడతాయనీ ఒక వాదం వున్నది. పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతాల్లో ఇది క్రైస్తవ బోధకుల నోట తరచుగా వినబడుతుంది. చదువుకున్న ఉపాధ్యాయులు కొందరు దీనికి తాత్త్విక గౌరవం కూడా కల్పిస్తున్నారు. మార్క్సు మనిషి పొట్టను చూశాడట, క్రీస్తు మనిషి గుండెను చూశాడట. గుండె మారకుండా పొట్ట నిండినా ప్రయోజనం లేదట! దీనికి మన అభ్యుదయ మిత్రులు చెప్పే సమాధానం మరీ సులువైనది. మతం మత్తుమందని ఒక్క ముక్క అనేసి చేతులు దులుపుకుంటారు. మొదటివారు ప్రశ్నను దాటవేస్తున్నారు. రెండవవారు ప్రశ్నే వేయటం లేదు.

వేయవలసిన ప్రశ్న ఇది. క్రైస్తవ నీతిలో దయ వున్నది, న్యాయమూ వున్నది. దయ అంటే వున్నవాడు లేనివాడికి తన ఇష్టంకొద్దీ ఇచ్చేది. న్యాయం అంటే లేనివాడు తనదని అడిగి పుచ్చుకునేది. ఈ రెండింటిలో ఉద్దానం తీరానికి యేది వచ్చింది? యేది రాలేదు? ఎందుచేత రాలేదు? దీనికి జవాబు దొరికితే నీతికీ ఆర్థిక వ్యవస్థకూ వున్న సంబంధం కూడా తేలిపోతుంది.

ముందుగా, వచ్చినదానికి ఇవ్వవలసిన గౌరవం ఇద్దాం. కెనడా బాప్టిస్టు మిషన్ వారు పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి శ్రీకాకుళం, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి ప్రాంతాల్లో ఒక్కొక్కటిగా కేంద్రాలు ఏర్పరచుకుంటూ వచ్చారు. బడులు పెట్టారు, ఆసుపత్రులు పెట్టారు. సోంపేటలోని ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి వారిదే. అక్కడ డాక్టర్ బెన్ గల్లిసన్ అనే మిషనరీ వైద్యుడు, కళ్ళకు పొరలు కమ్మిన బీదసాదలకు శుక్లాల ఆపరేషన్లు చేసేవాడు. ఆయన పనికి డబ్బు సమకూర్చటానికి 1963లో కాల్గరీ నగర వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ పూనుకున్నాడు. ఆ పూనికే ‘ఆపరేషన్ ఐసైట్’ అనే సంస్థ అయి, తర్వాత అనేక దేశాలకు విస్తరించింది. మనవడి భుజం పట్టుకుని తడుముకుంటూ వచ్చిన ముసలివాడు తన దారిన తాను నడిచి ఇంటికి పోయాడంటే అది సామాన్యమైన సంగతి కాదు. దాన్ని ఎగతాళి చేసేవాడు అభ్యుదయవాది కాడు, ఉత్త మూర్ఖుడు.

అయితే, ఆ కాలంలోనే కెనడాలో మరొక సంగతి జరుగుతున్నది. అది మన బోధకులు చెప్పరు, మనవాళ్ళకు తెలియదు.

సస్కాచెవాన్ కెనడాలో ఒక రాష్ట్రం. గోధుమ రైతుల రాష్ట్రం. 1944లో అక్కడ ఒక బాప్టిస్టు పాస్టరు ముఖ్యమంత్రి అయినాడు. పేరు టామీ డగ్లస్. ఆయన పార్టీ సోషలిస్టు పార్టీ. 1947లో ప్రజలందరికీ ఆసుపత్రి బీమా తెచ్చాడు. వైద్యం మొత్తం ప్రభుత్వ బాధ్యత కావాలన్న ఆయన పథకం, ఆయన వారసుడు వుడ్రో లాయిడ్ హయాంలో, 1962 జూలై 1న అమలులోకి వచ్చింది. వైద్యులు దానికి వ్యతిరేకంగా 23 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం లొంగలేదు. 1966లో కెనడా పార్లమెంటు దేశం మొత్తానికీ అటువంటి చట్టం చేసింది.

డగ్లస్ జీవితంలో ఒక ఘట్టం మన చర్చకు ఆయువుపట్టు. చిన్నతనంలో ఆయన కాలి ఎముకకు జబ్బు చేసి కాలు తీసివేసే స్థితి వచ్చింది. మంచి వైద్యానికి తల్లిదండ్రుల దగ్గర డబ్బు లేదు. విన్నిపెగ్ ఆసుపత్రిలో ఒక నిపుణుడు, విద్యార్థులు చూసి నేర్చుకోవటానికి ఒప్పుకుంటే డబ్బు లేకుండా ఆపరేషన్ చేస్తానని, చేసి, కాలు నిలబెట్టాడు. మామూలు భక్తుడైతే ఆ వైద్యుడి ఫోటోకు దండం పెట్టుకుని జీవితం గడిపేసేవాడు. డగ్లస్ కృతజ్ఞత చెప్పాడు, దానితో ఆగిపోలేదు. ఒక బిడ్డ కాలు వుండటమా వూడటమా అన్నది ఎవరో ఒకరి మంచితనం మీద ఆధారపడి వుండటమేమిటని ఆలోచించాడు. దయ పొందినవాడే దయ చాలదని తేల్చాడు.

ఇప్పుడు రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1962లో బాప్టిస్టు పాస్టరు కన్న కల ఫలించి సస్కాచెవాన్ రైతుకు వైద్యం హక్కు అయినది. 1963లో అదే మతశాఖ నడిపే ఆసుపత్రికి వచ్చే ఉద్దానం రైతుకు వైద్యం కాల్గరీ వ్యాపారి పోగుచేసే చందా అయినది. దేవుడు ఒక్కడే. బైబిలు ఒక్కటే. ఆఖరికి బాప్తిస్మం ఇచ్చే పద్ధతి కూడా ఒక్కటే. మరి అక్కడ హక్కు అయినది ఇక్కడ బిచ్చం ఎందుకయింది?

గల్లిసన్ మనసు డగ్లస్ మనసుకంటే చిన్నదా? కాదు. తేడా మనసుల్లో లేదు. సస్కాచెవాన్ రైతులు 1920ల నుంచీ గోధుమల అమ్మకానికి సహకార సంఘాలు కట్టుకున్నారు. 1930లలో కరువూ మాంద్యమూ కలిసి దెబ్బతీసినప్పుడు కార్మికులతో కలిసి పార్టీ పెట్టుకున్నారు. 1933లో రెజైనాలో తమ కార్యక్రమం ప్రకటించుకున్నారు. వారి చేతిలో సంఘం వున్నది, ఓటు వున్నది. ఆ చేతుల్లో పడ్డ బైబిలు న్యాయం మాట్లాడింది. దానికి ఆనుకునే వున్న ఆల్బర్టా రాష్ట్రాన్ని 1943 నుంచి 1968 దాకా పాలించిన ఎర్నెస్ట్ మానింగ్ కూడా రేడియోలో బైబిలు బోధించిన ప్రచారకుడే. నిర్బంధ వైద్య బీమాను గట్టిగా వ్యతిరేకించినవాడు ఆయన. రెండు పక్క రాష్ట్రాలు, ఇద్దరు బోధకులు, ఒకే గ్రంథం, రెండు ఆర్థిక విధానాలు! నీతి నుంచి ఆర్థిక విధానం తనంతట తానే పుట్టుకొస్తుందనేవారు దీనికి సమాధానం చెప్పవలసి వున్నది.

ఇక మన వైపు చూద్దాం. ఇక్కడి రైతు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది మన పలాసలోనే. ఆ ఏప్రిల్ 1న మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు రైతుల మీద తుపాకులు పేల్చారు. నిండు గర్భిణి అయిన సాసుమాన గున్నమ్మ ఆ కాల్పుల్లో ప్రాణం విడిచింది. ఆమెతోపాటు మరికొందరు రైతులు పోయారు. కెనడా రైతుకు సంఘం పెట్టుకునే వ్యవధి దొరికింది. మన రైతుకు సంఘం నిలదొక్కుకునే లోపలే తూటా ఎదురయింది. జమీందారు నీడలో, పరాయి ప్రభుత్వం అనుమతితో బతికే మిషను, రోగి కంటి పొర తీయగలదు గాని జమీందారు దస్తావేజును ముట్టుకోలేదు. అందుచేతనే దయ మన రేవులో దిగింది, న్యాయం దిగలేదు.

“బైబిలు ఆత్మల సంగతి చెబుతుంది, కూలి సంగతి చెప్పదు” అని కొందరు భక్తులూ, కొందరు నాస్తికులూ కూడా అంటారు. ఇద్దరూ దాన్ని సరిగా చదివినవారు కారు. మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని కథ వున్నది. పొద్దున్నే పనిలోకి వచ్చినవాడికీ, సాయంకాలం గంటసేపు పని చేసినవాడికీ అతడు ఒక్కొక్క దేనారమే ఇస్తాడు. పొద్దుటివాడు సణుగుతాడు. ఈ కథను మన బోధకులు పరలోక రాజ్యానికి అన్వయించి ముగిస్తారు. కాని దేనారమంటే ఆనాటి కూలివాడి ఒక రోజు కూలి, ఒక సంసారం ఒక పూట గడిచే డబ్బు. పని దొరకక సాయంకాలం దాకా వీధిలో నిలబడ్డవాడికీ ఇంట్లో పిల్లలున్నారు, వాళ్ళకూ ఆకలి వున్నది. మనిషి అవసరమే కూలికి కొలత అన్న సూత్రం ఆ కథలో వున్నది.

ఈ కొలతను కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీ గుమ్మంలో పెట్టి చూడండి. పిక్క పగలగొడితే కారే జీడి చేతుల చర్మాన్ని మాడ్చేస్తుంది. యంత్రాలు వచ్చినా, పొట్టు తీయటం, గుండు ఒక పక్కకూ బద్ద ఒక పక్కకూ ఏరటం ఆడవాళ్ళ వేళ్ళతో జరిగే పనే. కూలి కిలో లెక్క. వేళ్ళు ఎంత వేగంగా ఆడితే అంత కూలి. జ్వరం వస్తే కూలి లేదు, కరెంటు పోతే కూలి లేదు. పండగనాడు యజమాని చీర పెడితే అది దయ. ఆ చీర పెట్టిన చేత్తోనే కిలో రేటు పెంచకుండా ఆపితే దాన్ని యేమనాలి? యాకోబు పత్రిక అయిదో అధ్యాయం దానికి పేరు పెట్టింది. పొలం కోసిన కూలివాళ్ళ కూలి బిగబడితే, ఆ బిగబట్టిన కూలే మొర పెడుతుందని అక్కడ వున్నది. ఇది క్షమాపణకు సంబంధించిన విషయం కాదు, బాకీకి సంబంధించిన విషయం. బాకీని దానంతో తీర్చటం యే లెక్కల పుస్తకంలోనూ లేదు.

భూమి సంగతి ఇంతకంటే స్పష్టం. లేవీయకాండం ఇరవై అయిదో అధ్యాయం యాభయ్యో సంవత్సరాన్ని సునాద సంవత్సరం అంటుంది. ఆ సంవత్సరంలో అమ్ముడుపోయిన భూమి తిరిగి దాని అసలు కుటుంబానికి చెందాలి. భూమిని శాశ్వతంగా అమ్మే హక్కు ఎవరికీ లేదు. మన భూసంస్కరణల చట్టాలు ఇంత దూరం పోలేదు! రాజుల మొదటి గ్రంథం ఇరవై ఒకటో అధ్యాయంలో నాబోతు కథ వున్నది. అహాబు రాజు తన కోట పక్కనున్న నాబోతు ద్రాక్షతోటను అడిగాడు. వెల ఇస్తానన్నాడు, బదులు తోట ఇస్తానన్నాడు. తాతలనాటి భూమి ఇవ్వనన్నాడు నాబోతు. రాణి యెజెబెలు దొంగ సాక్షులను పెట్టించి, నేరం మోపించి, రాళ్ళతో కొట్టించి చంపించింది. రాజు తోటలో అడుగు పెట్టాడు.

ఈ కథ చదివిన ఉద్దానం వాడికి వ్యాఖ్యానం అక్కరలేదు. సోంపేట బీలను బీడు భూమి అన్నారు. చేపలు పట్టేవాళ్ళూ, సాగు చేసేవాళ్ళూ, పశువులు మేపేవాళ్ళూ వుండగానే బీడు అన్నారు. అక్కడ థర్మల్ కరెంటు కర్మాగారం వద్దన్న జనం మీద 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. సరిగ్గా ఆ రోజునే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కర్మాగారానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. చట్టం ఆ భూమి గురించి జనం చెప్పిందే నిజమన్న రోజున, చట్టం పేరుతోనే జనాన్ని కాల్చారు. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మరొక థర్మల్ కర్మాగారం విషయంలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. నాబోతు మీద దొంగ సాక్ష్యం చెప్పినట్టే ఇక్కడ భూమి మీద దొంగ సాక్ష్యం చెప్పారు. నాబోతు కథను ఆదివారం పూట వ్యక్తిగత దురాశకు దృష్టాంతంగా చెప్పి వదిలేసే బోధకుణ్ణి నేను అడుగుతున్నాను: అహాబు మీదికి ఏలీయా వెళ్ళి నిలదీసిన భాగం యేమయింది? అది మీ పుస్తకంలో లేదా, మీ ప్రసంగంలో లేదా?

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. “రాజు హృదయం మారాలి.” హృదయ పరివర్తన సిద్ధాంతం మనకు ఒక్క చర్చి నుంచే రాలేదు. పైన చెప్పిన ద్రాక్షతోట కథ నుంచే రస్కిన్ 1860లో తన అర్థశాస్త్ర విమర్శకు పేరు తీసుకున్నాడు. గాంధీ దాన్ని 1904లో చదివాడు. సర్వోదయం అన్న పేరుతో గుజరాతీలో చెప్పాడు. అది ధర్మకర్తృత్వ సిద్ధాంతం అయినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా చేతికి నూరెకరాల దానంగా అందింది. తెలంగాణ రైతులు భూమిని హక్కుగా తీసుకుంటున్న కాలంలో భూమి దానంగా రావటం మొదలయిందంటే అర్థమేమిటి? హక్కు ఉద్యమం తలుపు తట్టినప్పుడే దయ తలుపు తీస్తుంది. తట్టేవాడు లేకపోతే అది నిద్ర లేవదు.

ఈ మాట క్రైస్తవ తాత్త్వికులే ఒప్పుకున్నారు. రైన్‌హోల్డ్ నీబర్ డెట్రాయిట్‌లో, ఫోర్డ్ కార్ల కర్మాగారాల నీడలో, పాస్టరుగా పనిచేసినవాడు. మనిషి విడిగా త్యాగం చేయగలడేమో గాని వర్గం వర్గంగా తన ఆధిక్యాన్ని స్వచ్ఛందంగా వదులుకోదనీ, బలాన్ని బలమే నిలువరించాలనీ 1932లో పుస్తకం రాశాడు. పోపు పదమూడవ లియో 1891లో, ఒప్పందం కుదిరినంత మాత్రాన కూలి న్యాయమైనది కాబోదనీ, అది కార్మికుడి సంసారానికి చాలాలనీ ప్రకటించాడు. ఆ ప్రకటనలోనే సొంత ఆస్తిని సహజ హక్కు చేసి సోషలిజాన్ని ఖండించాడు. న్యాయమైన కూలి కావాలి గాని కూలి ఇచ్చేవాడి పట్టు సడలకూడదన్న మాట! మార్టిన్ లూథర్ కింగ్ మరి కొంత దూరం వెళ్ళాడు. దొంగలు కొట్టిన బాటసారికి కట్టు కట్టిన మంచి సమరయుణ్ణి మెచ్చుకుంటూనే, బాటసారులు దెబ్బలు తినకుండా ఆ యెరికో దారినే మార్చాలన్నాడు. ఆయనా బాప్టిస్టు పాస్టరే. 1968లో మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా వెళ్ళి అక్కడే హత్యకు గురయ్యాడు.

సంస్కృతి విషయంలోనూ ఇదే రెండు ముఖాల సంగతి. అక్షరం ముట్టుకుంటే మైలపడుతుందన్న దేశంలో మాలపల్లెకూ మాదిగపల్లెకూ మొదటి పుస్తకం చేరవేసింది మిషను బడి. ఇది నిర్వివాదాంశం. ఆ మేలును మరచిపోవటం కృతఘ్నత. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసి, అంటరానివాడి గోడును కాశీ విశ్వనాథుడి దగ్గరికే పంపాడు. ఆయన పంపింది అర్జీ కాదు, అభియోగం. కాని క్రీస్తులో కులం లేదన్న సంఘాల్లోనే పెళ్ళి సంబంధాల దగ్గర కులం వున్నది, చాలా చోట్ల సమాధుల దగ్గర కూడా వున్నది. ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మతం మారిన దళితుడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవుణ్ణి చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అతడికి వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో దక్కేది ఒక్క శాతం. 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. వూళ్ళో కులం పోలేదు, కాగితం మీద మాత్రం పోయింది. సమానత్వం పేరు చెప్పి హక్కు తీసివేయటమంటే ఇదే. దీనికోసం వీధిలోకి రావలసినవారు దళిత క్రైస్తవులు ఒక్కరేనా? మనం కామా?

ఇక్కడ మనవాళ్ళతో నా తగాదా మొదలవుతుంది. మతం మత్తుమందన్న ముక్క మార్క్సు 1844లో రాసిన వ్యాసంలోనిది. దానికి ముందు వాక్యాల్లో ఆయన మతాన్ని నిజమైన బాధకు వ్యక్తీకరణగానూ, ఆ బాధ మీద నిరసనగానూ చెప్పాడు. మనవాళ్ళు మందు పేరు గుర్తుపెట్టుకుని రోగిని మరచిపోయారు. ఎంగెల్సు 1894లో తొలి క్రైస్తవ సంఘాలను పీడితుల ఉద్యమంగా పరిశీలించి వ్యాసం రాశాడు. బొడ్డపాడు గుడిలో పూజారిగా పనిచేసిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో ఉద్దానాన్ని కదిలించి, 1969 డిసెంబరులో రంగమటియా కొండల్లో ప్రాణమిచ్చాడు. పూజారి విప్లవకవి కాగలిగిన నేల మీద, చర్చికి వెళ్ళే జీడి కార్మికురాలు యూనియనుకు రాదని ముందే తీర్మానించటం యే రకం భౌతికవాదం? ఆమెకు యాకోబు పత్రిక అయిదో అధ్యాయం మనకంటే బాగా తెలుసు. దాన్ని కిలో రేటుతో జతపరిచి చెప్పేవాడే లేడు.

మనం ఖాళీగా వదిలిన ఆ చోటును ఎవరు ఆక్రమిస్తున్నారో చూడండి. విశ్వాసం వుంటే ఐశ్వర్యం వస్తుంది, దశమభాగం ఇస్తే పదింతలు వస్తుంది అనే కొత్త బోధ టీవీల్లో హోరెత్తుతున్నది. దీని తర్కం ప్రకారం బీదతనం విశ్వాస లోపం. రోగం విశ్వాస లోపం. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా కుటుంబాలను తినేస్తున్నది. దాని మూలకారణం ఫలానా అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. ఆ జనానికి విశ్వాసం చాలలేదని చెప్పే ధైర్యం ఎవడికున్నది? ఏళ్ళ తరబడి అడిగి, అర్జీలు పెట్టి, రోడ్డెక్కి అలమటించాక పలాసలో 200 పడకల ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకమూ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అది ఎవరి దానమూ కాదు, జనం పన్నుల డబ్బు. అక్కడ వైద్యుడు లేకపోతే, కుళాయిలో నీళ్ళు రాకపోతే, అడగటానికి జనానికి హక్కు వున్నది. దానం ఇచ్చినవాణ్ణి అలా అడగలేము. దయకూ హక్కుకూ వున్న తేడా అంతా ఆ అడగటంలో వున్నది.

కనుక క్రైస్తవ నీతిని మనం కొట్టివేయనక్కరలేదు, నెత్తిన పెట్టుకోనక్కరలేదు. దాన్ని దాని సొంత గ్రంథంతోనే పరీక్షకు నిలబెట్టాలి. కిలో రేటు విషయంలో మీ సంఘం ఎవరి పక్షం? బీల విషయంలో నాబోతు పక్షమా, అహాబు పక్షమా? సమాధుల దొడ్డిలో కులం గోడ వున్నదా, పడగొట్టారా? ఈ మూడు ప్రశ్నలకూ బీదల పక్షాన జవాబు చెప్పిన బోధకుడు మన సహచరుడు. అతడు మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటే మనకేమీ అభ్యంతరం లేదు. లేచి నిలబడ్డప్పుడు ఎవరి పక్కన నిలబడుతున్నాడన్నదే లెక్క. జవాబు చెప్పకుండా హృదయాల సంగతి మాట్లాడేవాణ్ణి మాత్రం, అతడు శిలువ ధరించినా, ఖద్దరు ధరించినా, ఆఖరికి ఎర్ర కండువా ధరించినా, వదిలిపెట్టనక్కరలేదు.